మూడో రోజు, చెస్టర్‌ఫీల్డ్

ఈ ఊరి చర్చి గోపురం మెలి తిరిగి ఉంటుంది.
పచ్చి కర్రతో కట్టారట, ఎండకి ఒంగిందంటారు.
ఆరొందల ఏళ్ళు దాటినా
పడిపోకుండా తిరుగుతూనే ఉంది.
నా బంతి మాత్రం
పొద్దుటి నుంచి ఒక్కటీ తిరగలేదు.

ఇరవై ఆరు ఓవర్లు, తొంభై ఒక్క పరుగులు.
వికెట్ల గడిలో సున్నా,
పెట్ట వదిలేసి పోయిన గుడ్డులా.

పైడిరాజు అనే పేరు
డ్రెస్సింగ్ రూంలో మొదటి వారానికే ప్యాడీ అయింది.
బౌండరీ తాడు పక్కన కుక్కతో కూచునే ముసలాయన
"ఐర్లండ్‌లో ఏ ఊరు?" అని అడిగాడు.
"విజయనగరం" అన్నాను.
"ఓహో, పడమటి తీరంలో కదూ" అని తలూపాడు.
అప్పట్నుంచి నా కోసం
పచ్చ టోపీ పెట్టుకొస్తాడు.
నాలుగేళ్ళయింది, నిజం చెప్పబుద్ధి కాలేదు.

"ఏరా, ఆడుకున్నందుకు కూడా జీతవిస్తార్రా?"
కంటోన్మెంటులో సైకిల్ షాపు అప్పలసూరి
ఫోన్ చేసిన ప్రతిసారీ ఇదే అడుగుతాడు.
ఇస్తార్రా.
వాన పడి ఆడకపోయినా ఇస్తారు.
ఆ రోజుల్లో పేకాడతాం,
కీపర్ హార్‌గ్రీవ్స్ సాక్సుల వేళ్ళు కత్తిరించి
చక్కగా మడిచి మళ్ళీ అతని సంచిలోనే పెడతాం,
కస్టర్డ్ రెండుసార్లు వేయించుకుంటాం.
ఈ పార్కు చెరువు చుట్టూ పిల్లల రైలొకటి తిరుగుతుంది.
ఒకసారి వాన తెరిపిచ్చాక అందరం ఎక్కేశాం,
ఓపెనర్లు ప్యాడ్లు కూడా విప్పకుండా,
మోకాళ్ళు గడ్డాలకి తగులుతుంటే.
డ్రైవరు నవ్వాడు గానీ
టికెట్ డబ్బులు వదల్లేదు.

సూరికి చెప్పనిది ఈ వేలు సంగతి.
ఏప్రిల్ చలిలో సీము రాసుకుని చీలుతుంది.
రాత్రి జిగురు పూసి అతికిస్తాను,
పొద్దున్న అంపైర్లు చూడకముందే గీకేస్తాను.
మే వస్తే మళ్ళీ చీలుతుంది.
పప్పన్నంలో ఆవకాయ కలిపితే
ఆ కారం చీలికలోకి దిగి
ఎన్ని ఓవర్లు వేశానో ఒక్కొక్కటే లెక్కపెడుతుంది.
సువర్చల స్పూను అందిస్తుంది.
తీసుకోను.

సెప్టెంబరుకింకా మూడు వారాలు.
అప్పుడు ఒక్కొక్కర్నీ గదిలోకి పిలుస్తారు.
నిరుడు లాంగ్‌డెన్‌ని పిలిచారు,
పదకొండేళ్ళు ఆడినవాణ్ణి.
నాలుగు నిమిషాలు పట్టింది.
బయటికొచ్చి కార్ల దగ్గర నిలబడి
బ్యాటు గ్రిప్పు ఊడదీశాడు, మళ్ళీ ఎక్కించాడు,
మళ్ళీ ఊడదీశాడు.
ఇప్పుడు మాన్స్‌ఫీల్డ్‌లో బాయిలర్లు బిగిస్తాడు.
మా ఇంట్లోదీ అతనే బిగించాడు.
టీ తాగాడు. ఆట మాట నేనెత్తలేదు, తనూ ఎత్తలేదు.
వేడినీళ్ళు బాగా వస్తున్నాయి.

జూన్లో రీస్ అనే కుర్రాణ్ణి నా దగ్గరికి పంపారు,
పంతొమ్మిదేళ్ళు, ఎడమ చెయ్యి,
నాలాగే.
"నేర్పించు ప్యాడీ" అన్నారు.
ఎందుకో అడగలేదు.
పట్టు చూపించాను, మణికట్టు చూపించాను,
గాలికి ఎదురుగా బంతిని కాసేపు ఎలా ఆపాలో చూపించాను.
ఒక్క బంతి నా కోసం దాచుకుందామనే అనుకున్నాను.
వాడు "ఇంకోసారి" అన్నాడు.
వేసేశాను, అదే బంతి.

టీ అయ్యాక చెరువు వైపు నుంచి వేశాను.
ఇరవై ఏడో ఓవరు, నాలుగో బంతి.
పడింది, పట్టుకుంది, తిరిగింది.
బ్యాటు అంచు ముద్దు పెట్టుకుని వెనక్కి వెళ్ళింది.
హార్‌గ్రీవ్స్ గ్లవ్స్‌లోకి వెళ్ళి
బయటికొచ్చేసింది.
వాళ్ళు రెండు పరుగులు తీశారు.

తొంభై మూడు.
హార్‌గ్రీవ్స్ నా వైపు చూడలేదు.
సాక్సుల పాపం, అనుకున్నాను.
తాడు దగ్గర పచ్చ టోపీ లేచి నిలబడింది,
కుక్క కూడా లేచింది.
పన్నెండో ఆటగాడు రీస్
బెంచీ మీద కూర్చునే, లేని బంతిని
వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు.

నేను నా గుర్తు దగ్గరికి నడిచి
వేలు నాలికకి రాసుకున్నాను.
ఉప్పగా ఉంది.